రెండో లైను పడేలోగా చిన్న స్టేషన్లలో మనుషుల్ని లెక్కపెట్టాలి

సంపాదకులకు నమస్కారం.

తిరుపతి – పాకాల – కాట్పాడి మార్గంలో రెండో లైను వేయడానికి కేంద్ర మంత్రివర్గం 2025 ఏప్రిల్ 9న ఆమోదం తెలిపింది. 104 కిలోమీటర్ల మార్గం, రూ.1,332 కోట్ల పని. సుమారు 400 పల్లెలకు, 14 లక్షల జనాభాకు మేలు జరుగుతుందని అప్పుడే ప్రకటించారు. ఆ పల్లెల వాళ్లలో చాలామంది రైలెక్కేది చంద్రగిరి, కొటాల, ముంగిలిపట్టు, పనపాకం, పూతలపట్టు, సిద్దంపల్లి, రామాపురం, బొమ్మసముద్రం లాంటి చోట్ల. రెండో లైనుతో పాటు ఈ స్టేషన్లలో ప్లాట్‌ఫారం ఎంత ఎత్తు ఉండాలి, ఎంత పొడవు ఉండాలి, అవతలి గట్టుకు ఎటునుంచి దాటాలి, టికెట్ కిటికీ ఏ వైపు ఉండాలి అన్నవన్నీ తేలిపోతాయి. ఒకసారి కాంక్రీటు పడితే మళ్లీ ఒక తరం దాకా దాన్ని ఎవరూ కదిలించరు.

ఇవన్నీ తేల్చేటప్పుడు మొదట అడిగే ప్రశ్న ఒకటే. ఇక్కడ రోజుకు ఎంతమంది ఎక్కుతున్నారు? దానికి రైల్వే దగ్గర ఒక అంకె ఉంది. అయితే ఆ అంకె పుట్టేది అమ్ముడైన టికెట్ల నుంచి. పెద్ద స్టేషన్లలో ఈ రెండింటికీ పెద్ద తేడా ఉండదు. చిన్న స్టేషన్ల దగ్గరికి వచ్చేసరికి ఎంత తేడా వస్తుందో, ఎందుకు వస్తుందో వివరంగా రాస్తున్నాం.

ముందు వర్గీకరణ సంగతి. 2017 చివర్లో రైల్వే స్టేషన్ల తరగతులు మార్చింది. శివారు రైళ్లు లేని స్టేషన్లకు ఎన్‌ఎస్‌జీ-1 నుంచి ఎన్‌ఎస్‌జీ-6 వరకు, హాల్టులకు (స్టేషన్ మాస్టరు లేకుండా రైలు ఆగే చిన్న చోట్లకు) హెచ్‌జీ-1 నుంచి హెచ్‌జీ-3 వరకు పేర్లు పెట్టారు. కొలమానాలు రెండు: ఏడాదికి ఆదాయం, ఏడాదికి అక్కడినుంచి బయల్దేరే ప్రయాణికులు. అన్నిటికన్నా కింద ఉన్న ఎన్‌ఎస్‌జీ-6లో ఆదాయం కోటి రూపాయల వరకు, ప్రయాణికులు 10 లక్షల వరకు. 10 లక్షలను 365తో భాగిస్తే రోజుకు 2,700 పైమాటే. అంటే రోజుకు ఇరవై మంది ఎక్కే స్టేషనూ, రెండు వేల మంది ఎక్కే స్టేషనూ ఒకే గంపలో పడతాయి. ఏ స్టేషన్‌కు ఏయే వసతులు ఉండాలో తరగతిని బట్టే నిర్ణయం అవుతుంది కాబట్టి, ఆ రెండు వేల మంది స్టేషన్‌కూ హక్కుగా వచ్చేది ఇరవై మంది స్టేషన్‌కు వచ్చినంతే. హాల్టుల్లో చివరిదైన హెచ్‌జీ-3 హద్దు ఏడాదికి 5 లక్షల ఆదాయం, లక్ష మంది. ఆర్డినరీ రైల్లో కనీస ఛార్జీ రూ.10. రోజూ వంద మంది పది రూపాయల టికెట్ కొంటే ఏడాదికి రూ.3.65 లక్షలు. వంద మందికి రోజూ ఉపయోగపడే హాల్టు కూడా ఆదాయం లెక్కలో అట్టడుగునే కనిపిస్తుంది.

అసలు ఆ వంద మందికీ టికెట్ దొరుకుతుందా అన్నది తర్వాతి ప్రశ్న. చిన్న స్టేషన్లలో చాలాచోట్ల విడిగా బుకింగ్ క్లర్కు ఉండడు. డ్యూటీలో ఉన్న స్టేషన్ మాస్టరే టికెట్లు కూడా ఇవ్వాలి. రైలు వచ్చే పది నిమిషాల ముందే జనం కిటికీ దగ్గరికి చేరతారు. సరిగ్గా ఆ పది నిమిషాల్లోనే మాస్టరు పక్క స్టేషన్‌తో మాట్లాడి లైన్ క్లియర్ (దారి ఖాళీగా ఉందన్న అనుమతి) తీసుకోవాలి, సిగ్నల్ ఇవ్వాలి, ఎదురు రైలుంటే క్రాసింగ్ చూసుకోవాలి. భద్రత ముందు, టికెట్ తర్వాత. అది తప్పనడానికి లేదు, అలాగే ఉండాలి. కానీ కిటికీ ముందు పదిహేను మంది ఉంటే ఏడెనిమిది మందికి టికెట్ అందుతుంది, మిగిలిన వాళ్లు రైలు కూత వినగానే పరిగెత్తుతారు. వాళ్లు రైల్లో ఉన్నారు, లెక్కలో లేరు.

హాల్టుల్లో పద్ధతి వేరు. అక్కడ కమిషన్ మీద పనిచేసే హాల్ట్ ఏజెంటు టికెట్లు అమ్ముతాడు. రోజుకు రెండు మూడు జతల రైళ్లే ఆగితే ఆ కమిషన్ బీడీలకూ టీకీ కూడా చాలదు. ఏజెంటు మానేస్తాడు, కొత్తవాళ్లు ముందుకు రారు. కిటికీ మూతపడిన రోజునుంచి అక్కడి అమ్మకం సున్నా. ఏడాది తర్వాత కాగితం చూసినవాళ్లకు అక్కడ ఎవరూ ఎక్కడం లేదనిపిస్తుంది. హాల్టు ఎత్తేయాలన్న ఆలోచన అక్కడే మొలుస్తుంది.

అలాంటి చోట టికెట్ లేకుండా ఎక్కాల్సి వచ్చినవాళ్లు ఒక విషయం తెలుసుకోవాలి. 1989 రైల్వే చట్టం 55వ సెక్షన్ ప్రకారం, ఎక్కేముందు అధికారం ఉన్న రైల్వే ఉద్యోగి అనుమతి తీసుకుని ధ్రువపత్రం పొందవచ్చు. మామూలుగా అది గార్డు ఇస్తారు. ఇప్పుడు ఆయన్ని ట్రైన్ మేనేజర్ అంటున్నారు. ఆ చీటీ ఉంటే తనిఖీలో ఛార్జీ మాత్రం కట్టించుకోవాలి, జరిమానా వేయకూడదు. చీటీ లేకపోతే ఛార్జీ మీద కనీసం రూ.250 అదనం. అయితే నిమిషం ఆగే రైల్లో చివరి పెట్టె దాకా వెళ్లి గార్డుతో మాట్లాడి తిరిగొచ్చి ఎక్కడం కుర్రాళ్లకే కష్టం, ముసలివాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. ఉన్న నియమం ఉపయోగపడాలంటే రైలు ఆగే సమయం కూడా దానికి తగ్గట్టు ఉండాలి.

ఫోన్‌లో టికెట్ ఉంది కదా అంటారు. నిజమే, ఉంది. జనరల్ టికెట్లిచ్చే యూటీఎస్ యాప్ 2018 నుంచి దేశమంతా నడిచింది, 2025 జులై 1న రైల్‌వన్ వచ్చింది. కానీ చిన్న స్టేషన్‌లో అది తడబడే చోట్లు మూడున్నాయి. మొదటిది, స్టేషన్ ఆవరణలోకి, పట్టాల పక్కకు వచ్చేశాక యాప్ కాగితం లేని టికెట్ ఇవ్వదు. బయటే తీసుకోవాలి, లేదంటే స్టేషన్‌లో అంటించిన క్యూఆర్ కోడ్ స్కాన్ చేయాలి. ఆ కోడ్ కాగితం మీద అచ్చేసి ఎండ పడే గోడకు అంటిస్తే మన ఎండలకు రెండు వేసవులు ఆగదు. నల్ల గళ్లు గోధుమరంగుకు తిరుగుతాయి, కెమెరా ఎంతసేపు పట్టినా చదవదు. రెండోది సిగ్నల్. గుట్టల మధ్య ఉన్న స్టేషన్లలో డబ్బు కట్ అయ్యాక టికెట్ తెరమీదకు రావడానికి పట్టే సమయంలో రైలు వచ్చి పోతుంది.

మూడోది అన్నిటికన్నా ముఖ్యమైనది, కాని ఎవరి కంటా పడదు. యాప్‌లో ఎక్కే స్టేషన్ పేరు ప్రయాణికుడే ఎంచుకోవాలి. పనపాకంలో ఎక్కి తిరుపతి వెళ్లే అబ్బాయి అలవాటుగా ‘పాకాల’ అని కొడతాడు, ఎందుకంటే జాబితాలో అది వెంటనే కనిపిస్తుంది. దగ్గరి దూరాల్లో ఛార్జీ తేడా ఉండదు, ముందు స్టేషన్ నుంచి తీసుకున్న టికెట్‌తో మధ్యలో ఎక్కడంలో ఇబ్బందీ లేదు. రైల్లో ఎవరూ ప్రశ్నించరు. కానీ ఆ ప్రయాణికుడు పాకాల ఖాతాలోకి వెళ్లిపోయాడు. పనపాకం ఖాతాలో లేడు. ఏడాదంతా ఇలా నలభై మంది చేస్తే ఒక చిన్న స్టేషన్ సగం ఖాళీ అయినట్టు కనిపిస్తుంది.

సీజన్ టికెట్ల లెక్క వేరు. నెలసరి సీజన్ టికెట్‌ను 50 ప్రయాణాలుగా కడతారు, అంటే 25 రోజులు పోను రాను. మూడు నెలల టికెట్ వెల నెల టికెట్‌కు 2.7 రెట్లు, ఆరు నెలలది 5.4 రెట్లు, ఏడాదిది 10.8 రెట్లు. 150 కిలోమీటర్ల లోపు దూరానికే ఇస్తారు. దీన్ని బట్టి ఒక్క మనిషి తన స్టేషన్ పేరు మీద సీజన్ తీసుకుంటే ఆ స్టేషన్ లెక్కలో నెలకు 50 పెరుగుతాయి. అదే మనిషి సీజన్‌ను తిరుపతి కౌంటర్లో తిరుపతి నుంచి తన ఊరికి రాయించుకుంటే లెక్క ఎటు చేరుతుందో ఊహించుకోవచ్చు. రోజూ తిరిగేవాళ్లు సీజన్ తీసుకునేటప్పుడు మొదటి స్టేషన్‌గా తమ ఊరి పేరే రాయించుకోవాలని గట్టిగా కోరుతున్నాం. ఇందుకు పైసా ఖర్చు లేదు. ఇక ఆడపిల్లలకు డిగ్రీ వరకు, మగపిల్లలకు పన్నెండో తరగతి వరకు ఇంటినుంచి చదువుకునే చోటికి రెండో తరగతి సీజన్ ఉచితం. ఇది మంచి పథకం, ఎక్కువమంది వాడుకోవాలి. కానీ దానివల్ల స్టేషన్‌కు వచ్చే ఆదాయం సున్నా. ఐదేళ్ల లోపు పిల్లలకు టికెట్టే లేదు. ఆదాయం మాత్రమే చూసే కాగితానికి వీళ్లెవరూ కనిపించరు.

రిజర్వేషన్ టికెట్లలో తికమక ఇంకోరకం. దూరప్రాంతపు రైలుకు మధ్య స్టేషన్‌నుంచి బుక్ చేస్తే చాలాసార్లు పూల్డ్ కోటాలోనో రిమోట్ లొకేషన్ కోటాలోనో (మధ్య స్టేషన్లకు ఉంచే కొద్దిపాటి బెర్తుల్లో) పడుతుంది. ఆ వెయిటింగ్ లిస్టు కదలడం కష్టం. రైలు బయల్దేరే స్టేషన్‌నుంచి తీసుకుంటే జనరల్ వెయిటింగ్ లిస్టు వస్తుంది, ఖాయమయ్యే అవకాశం ఎక్కువ. అందుకే తెలిసినవాళ్లు తిరుపతి నుంచి బుక్ చేసి, బోర్డింగ్ పాయింట్ పాకాలకో చిత్తూరుకో మార్చుకుంటారు. ప్రయాణికుడికి ఇది తెలివైన పని, బెర్తు ముఖ్యం. టికెట్ మాత్రం తిరుపతి నుంచి బయల్దేరినట్టే నమోదవుతుంది. ఫలానా ఎక్స్‌ప్రెస్‌కు ఫలానా స్టేషన్‌లో ఆగే అర్హత ఉందా అని చూసేటప్పుడు, బోర్డింగ్ మార్చుకున్నవాళ్ల సంఖ్యను విడిగా తీసి కలపాలి. ఆ సమాచారం రైల్వే కంప్యూటర్లో ఉంది, చార్టు తయారయ్యేది దానితోనే.

మన జిల్లాల్లో ఇంకొక ప్రత్యేకత ఉంది. చిత్తూరు, పాకాల వైపు నుంచి వేలూరు సీఎంసీ ఆస్పత్రికి వెళ్లేవాళ్లు కాట్పాడిలో దిగుతారు. ఇటు తిరుపతిలో స్విమ్స్‌కూ రుయాకూ వచ్చేవాళ్లు ఉన్నారు. రోగి, తోడు ఒకరు, ఒక సంచి. వెళ్లేటప్పుడు ఊళ్లో రైలెక్కినా, తిరిగొచ్చేటప్పుడు పరీక్షలు ఎప్పటికి ముగుస్తాయో తెలియదు కాబట్టి బస్సులో వస్తారు. ఇంకొందరు దానికి తలకిందులు. స్టేషన్ తరగతికి బయల్దేరేవాళ్లనే లెక్కిస్తారు, దిగేవాళ్లను లెక్కించరు. సాయంత్రం రైల్లో అరవై మంది దిగే స్టేషన్‌లో పొద్దున ఇరవై మందే ఎక్కితే, దీపాలు, బెంచీలు, నీళ్లు అన్నీ ఇరవై మందికే. చీకట్లో దిగే అరవై మందికి దీపం ఎంత అవసరమో చెప్పాలా?

పాత అంకెలతో పోల్చి ‘రద్దీ తగ్గింది’ అనేవాళ్లు రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. 2020 మార్చిలో ప్యాసింజర్ రైళ్లు ఆగాయి. తర్వాత అవే రైళ్లు స్పెషళ్ల పేరుతో తిరిగొచ్చినప్పుడు కనీస ఛార్జీ రూ.10 బదులు రూ.30 అయింది. 2024 ఫిబ్రవరి చివర్లో గాని పాత ఛార్జీ రాలేదు. నాలుగేళ్లలో జనం షేర్ ఆటోలకు, బైకులకు అలవాటు పడ్డారు. ఆ మధ్య కాలపు అంకెల్ని ప్రమాణంగా తీసుకోవడం అన్యాయం. రెండోది, 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితం. పది రూపాయల రైలు టికెట్ కూడా ఉచితం ముందు నిలవదు. ఆడవాళ్లు బస్సుకు మళ్లిన మాట నిజమే అయినా రైలు అక్కర్లేదని దాని అర్థం కాదు. బస్సు కిక్కిరిసిన వేళల్లో, వానాకాలంలో ఘాట్ మలుపుల దగ్గర రోడ్డు ఆగినప్పుడు, బరువైన మూటలున్నప్పుడు వాళ్లు మళ్లీ రైలు కోసమే చూస్తారు.

రైలు వేళలు కుదరకపోవడం అన్నిటికంటే పెద్ద కారణం. సింగిల్ లైన్ మీద ఎదురెదురు రైళ్లు స్టేషన్‌లోనే దాటుకోవాలి. ఎక్స్‌ప్రెస్ వస్తుంటే ప్యాసింజర్‌ను పక్కన ఉండే లూప్ లైన్‌లో నిలబెడతారు. ఒక క్రాసింగ్ పది నిమిషాలు తింటుంది, మూడు క్రాసింగ్‌లు పడితే అరగంట. కాలేజీకి తొమ్మిదిన్నరకు చేరాల్సిన పిల్ల పదికి చేరే రైలును వారం రోజులు చూసి వదిలేస్తుంది. రెండో లైను వల్ల పోయే మొదటి కష్టం ఇదే. అందుకే ఈ పనిని మనసారా స్వాగతిస్తున్నాం. అయితే లైను ఖాళీ అయిందని గూడ్సులకు, దూరప్రాంతపు రైళ్లకే దారి ఇచ్చి, మెమూల (దగ్గరి ఊళ్ల మధ్య నడిచే కరెంటు ప్యాసింజర్ల) వేళలు మార్చకుండా వదిలేస్తే ఈ పల్లెలకు మిగిలేది రైళ్ల శబ్దమే.

ఇక ప్లాట్‌ఫారం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అసలు బాధ అక్కడుంది. ప్లాట్‌ఫారాలు మూడు రకాలు. పట్టాల మట్టానికి ఉండేది, పట్టాలపైన 455 మిల్లీమీటర్ల లోపు ఉండే మధ్యస్థం, 760 నుంచి 840 మిల్లీమీటర్ల ఎత్తుండేది. పెట్టె నేల పట్టాలపైన సుమారు నాలుగడుగుల ఎత్తున ఉంటుంది. నేలమట్టం ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ ముసలామెకు కింది మెట్టే మోకాలి దగ్గర తగులుతుంది. ముందు చేతిసంచి లోపలికి విసరాలి, రెండు చేతులతో నిలువు కడ్డీలు పట్టుకోవాలి, చీర కుచ్చిళ్లు ఎత్తి ఒక కాలు పెట్టి ఒళ్లంతా పైకి లాక్కోవాలి, ఆ తర్వాత ఇంకా రెండు మూడు మెట్లు. ఒక్కొక్కరికి ఎనిమిది, పది సెకన్లు పడుతుంది. నిమిషం ఆగే రైల్లో దిగేవాళ్లు దిగాక ఒక తలుపులోంచి ఎక్కగలిగేది నలుగురైదుగురు. అదే ఎత్తు ప్లాట్‌ఫారం అయితే ఒక్క అడుగు, రెండు సెకన్లు.

ఎత్తు ఉన్నచోట్ల కూడా మెల్లగా తగ్గిపోతుంది. పట్టాల కింద కంకర వేసి మిషన్‌తో దిమ్మిసా కొట్టిన ప్రతిసారీ పట్టాలు కొంచెం పైకి లేస్తాయి. ప్లాట్‌ఫారం లేవదు. కొన్నేళ్లకు కట్టినప్పటి ఎత్తులో అంగుళాలకు అంగుళాలే పోతాయి. కాబట్టి కొత్తగా కట్టేటప్పుడు హద్దులో పైఅంచుకు, అంటే 840 దగ్గరికి కట్టడం మేలు.

పొడవు సంగతి ఇంకా విచిత్రం. ఒక ఎల్‌హెచ్‌బీ (కొత్తరకం) పెట్టె సుమారు 24 మీటర్లు. 24 పెట్టెల రైలంటే 576 మీటర్లు, ఇంజిన్ కాక. జనరల్ పెట్టెలు ఎక్కువగా ముందు కొసన, వెనక కొసన ఉంటాయి. ప్లాట్‌ఫారం పొట్టిగా ఉంటే రెండు కొసలూ బయటే పడతాయి. అంటే ఏసీ పెట్టె ప్లాట్‌ఫారం మధ్యలో ఆగుతుంది, చిన్న స్టేషన్‌లో నిజంగా దిగే జనరల్ ప్రయాణికుడు కంకర మీదికి దూకాలి. మెమూలు మాత్రమే ఆగే చోట ఇంత పొడవు అక్కర్లేదు. 12 పెట్టెల మెమూకు 270 మీటర్లు చాలు. డబ్బు తక్కువైతే మా సలహా ఇది: మెమూ స్టేషన్లలో పొడవు తగ్గించండి, ఎత్తు తగ్గించకండి. 300 మీటర్ల ఎత్తు ప్లాట్‌ఫారం, 600 మీటర్ల నేలమట్టం ప్లాట్‌ఫారం కంటే వంద రెట్లు నయం. ఎక్స్‌ప్రెస్‌లు ఆగే పాకాల, చిత్తూరు లాంటి చోట్ల మాత్రం పూర్తి పొడవు తప్పదు.

రెండో లైను వచ్చాక తిరుపతి వైపు వెళ్లే రైలు ఒక ప్లాట్‌ఫారం మీద, కాట్పాడి వైపుది ఇంకో ప్లాట్‌ఫారం మీద ఆగుతాయి. ఊరు ఒక పక్కనే ఉంటుంది. ఇప్పుడు పట్టాలు దాటి నడిచేవాళ్లకు అప్పుడు పాదచారుల వంతెన ఎక్కడమే దారి. కరెంటు తీగల మీదుగా పోవాలి కాబట్టి వంతెనకు ఒక వైపే నలభైకి పైగా మెట్లుంటాయి. అంత ఎక్కలేనివాళ్లు పట్టాల మీదే దాటుతారు, ఈసారి రెండు దిక్కుల నుంచీ వేగంగా వచ్చే రైళ్ల మధ్య. ప్రాణాలు పోయేది ఇక్కడే. వీలున్న స్టేషన్లలో పట్టాల కింద చిన్న నడక దారి, దానికి నీరు పోయే కాలువ, ప్లాట్‌ఫారం మీదికి 1:12 వాలుతో దారి కావాలి. 840 మిల్లీమీటర్ల ఎత్తుకు ఆ వాలు పది మీటర్ల స్థలం అడుగుతుంది, ఎక్కువేమీ కాదు. టికెట్ కిటికీ ఊరి వైపు ఉండాలి. ఇటు కిటికీ, అటు ఊరు ఉంటే టికెట్ కోసం రెండుసార్లు దాటాలి, ఎవరూ దాటరు, లెక్క మళ్లీ తప్పుతుంది.

గేట్లు తీసేసి కట్టిన తక్కువ ఎత్తు అండర్‌పాస్‌ల గురించి ఒక్క మాట. నవంబరు, డిసెంబరు వానల్లో నీళ్లు నిలిస్తే స్టేషన్‌కు వెళ్లే దారే మూసుకుపోతుంది. ఆ రెండు నెలల టికెట్ అమ్మకాలు చూసి స్టేషన్‌ను తూచకూడదు.

ఇప్పుడు లెక్క ఎలా పెట్టాలో చెబుతాం. రైల్వే చేస్తే మంచిది, చేయకపోతే ఊరివాళ్లు, కాలేజీ పిల్లలు చేయవచ్చు. వరసగా ఏడు రోజులు, ఆ స్టేషన్‌లో ఆగే ప్రతి రైలుకూ. బ్రహ్మోత్సవాలు, సంక్రాంతి, పరీక్షల సెలవులు లేని వారం చూసుకోవాలి. ఒక్కో రైలుకు కనీసం నలుగురు కావాలి, ప్లాట్‌ఫారం సగానికి ఇద్దరు చొప్పున. పెట్టెకు ఒక పక్క రెండు తలుపుల చొప్పున చూసినా 12 పెట్టెలకు 24 తలుపులు, ఒక్కరి కన్ను ఆనదు. ఆ ఇద్దరిలో ఎక్కినవాళ్లను ఒకరు, దిగినవాళ్లను ఒకరు లెక్కపెట్టాలి. ఒకే మనిషి రెండూ లెక్కపెడితే తప్పు ఖాయం.

కాగితం మీద గళ్లు ఇలా గీసుకోవాలి: రైలు నంబరు, రావాల్సిన వేళ, వచ్చిన వేళ, ఎన్ని సెకన్లు ఆగింది, ఎక్కినవాళ్లు, దిగినవాళ్లు, ఐదేళ్ల లోపు పిల్లలు, టికెట్ కిటికీ తెరిచి ఉందా లేదా, కిటికీ దగ్గర టికెట్ అందనివాళ్లు ఎంతమంది, ఎక్కలేక వెనక్కి వెళ్లినవాళ్లు ఎంతమంది. చివరి రెండు గళ్లే అన్నిటికన్నా విలువైనవి, వాటిని వదలొద్దు. సాగనంపడానికి వచ్చినవాళ్లను ఎక్కినవాళ్లలో కలపడం, ప్లాట్‌ఫారం మీద నిలబడ్డవాళ్లను లెక్కేసి అదే రాసేయడం, అవతలి వైపు పట్టాల మీంచి ఎక్కేవాళ్లను వదిలేయడం తరచుగా జరిగే తప్పులు. రైలు కదిలాక రాయాలి, అంతకుముందు వేళ్ల మీదో చేతి కౌంటర్ మీదో లెక్కపెట్టాలి. ప్రయాణికుల పేర్లు, ఫోన్ నంబర్లు అడగక్కర్లేదు, ఫొటోలూ వద్దు. ముందురోజు స్టేషన్ మాస్టరుకు ఒక కాగితం రాసి చెప్పి, ఆయన అనుమతితో పని చేసుకోవాలి.

పక్కన పెట్టి చూసుకోవడానికి రైల్వే అంకెలు కావాలి. సమాచార హక్కు చట్టం కింద రూ.10 రుసుముతో కేంద్ర ప్రభుత్వ ఆర్‌టీఐ పోర్టల్లో డివిజన్‌కు దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబు రావాలి. ‘మా స్టేషన్‌ను ఎందుకు పట్టించుకోరు’ అని అడిగితే ఏమీ రాదు, అభిప్రాయాలు చెప్పే బాధ్యత వాళ్లకు లేదు. ఫలానా స్టేషన్‌నుంచి ఫలానా మూడేళ్లలో నెలవారీగా కిటికీలో, యాప్‌లో, సీజన్‌లో, రిజర్వేషన్‌లో బయల్దేరిన ప్రయాణికులు, ఆదాయం విడివిడిగా ఇవ్వమనాలి. బోర్డింగ్ మార్చుకుని అక్కడ ఎక్కినవాళ్ల సంఖ్య అడగాలి. ప్రయోగాత్మకంగా ఏ రైలుకైనా హాల్టు (అక్కడ ఆగే అనుమతి) ఇచ్చి ఉంటే ఆ కాలంలో అమ్మకాలు ఎలా చూశారో ఆ నివేదిక నకలు అడగాలి. ఇలాంటి హాల్టులు మామూలుగా ఆరు నెలలకు ఇచ్చి అమ్మకాలు చూసి ఖాయం చేస్తారు. ఆ ఆరు నెలల్లో ఊళ్లో ఎక్కేవాళ్లంతా సొంత స్టేషన్ పేరుతో టికెట్ తీసుకోకపోతే హాల్టు పోయినట్టే.

దరఖాస్తు పెట్టేముందు ఏ డివిజనో చూసుకోవాలి. పాకాల, చిత్తూరు గుంతకల్లు డివిజన్‌లో ఉన్నాయి. కుప్పం బెంగళూరు డివిజన్‌లోకి వస్తుంది. రేణిగుంట నుంచి అరక్కోణం వైపు వెళ్లేకొద్దీ చెన్నై డివిజన్ మొదలవుతుంది. ఆ దారిలోనే నగరి దగ్గర వెంకటనరసింహరాజువారిపేట ఉంది. దేశంలో బాగా పొడవైన పేరున్న స్టేషన్లలో ఒకటని బోర్డు దగ్గర ఫొటోలు దిగేవాళ్లకు కొదవ లేదు. అక్కడ రోజూ ఎక్కేవాళ్ల లెక్క కూడా ఎవరైనా ఒక వారం పెడితే బాగుంటుంది. పాకాల నుంచి ధర్మవరం దారిలో పీలేరు, కలికిరి, వాయల్పాడు స్టేషన్లకూ ఇదే పద్ధతి పనికొస్తుంది. మదనపల్లె రోడ్ స్టేషన్‌కు మాత్రం ఇంకో గడి కలపాలి, అది పట్టణంలో లేదు, సీటీఎం అనే ఊళ్లో ఉంది కాబట్టి. రైలు దిగినవాళ్లు ఊరికి ఎలా వెళ్లారు, బస్సు దొరకడానికి ఎంతసేపు పట్టింది అన్నది అక్కడ రైలు వేళంత ముఖ్యం.

తిరుపతి – కాట్పాడి మార్గంలో మాత్రం ఆలస్యానికి వీల్లేదు. స్టేషన్ల నమూనాలు ఖరారయ్యేలోపు ప్రతి స్టేషన్‌లోనూ ఒక్క వారం మనుషుల్ని లెక్కపెట్టి, ఆ అంకెలు ఊళ్లో నోటీసు బోర్డు మీద పెట్టాలని గుంతకల్లు డివిజన్ అధికారులను, ఇద్దరు పార్లమెంటు సభ్యులను కోరుతున్నాం. కాలేజీలు నడిచే మామూలు వారం ఏదైనా సరే, సోమవారం పొద్దుటి మొదటి రైలుతో మొదలుపెట్టాలి.

ఇట్లు,
పాకాల – చిత్తూరు మార్గంలోని కొందరు నిత్య ప్రయాణికులు